పీట మీది రెండు రివాల్వర్లు

చంటీ, నాన్నా,

మీ బావ దినానికి కూడా నువ్వు రాలేదు. నువ్వు ఎంచి కొనిపించిన కొత్త రివాల్వరే పేలి వాడు పోయాడని అన్నం మానేశావంట. మీ అమ్మ ఫోనులో ఏడ్చింది.

పేలింది అది కాదురా. మీ మావయ్యగారి పాతది. వాళ్ల నాన్నగారిది కదా, దాని తప్పని నలుగురిలో అనలేక కొత్తదని చెప్పేశారు.

దసరా పొద్దున కూడా ఇద్దరూ వాదించుకున్నారు. “పాత కంపెనీ ఇనుమే ఇనుము, నీది రేకు డబ్బా” అని ఆయన. “నాది కింద పడినా పేలదు నాన్నా” అని వాడు. ఖాళీ ఆయుధానికి పూజ చెయ్యకూడదని మనింట్లో పట్టింపు కదా, రెండిట్లోనూ తూటాలు పెట్టారు. నూనె రాసి బొట్టు పెట్టింది నేనే. ఒక చేత్తో హారతి పట్టుకుని ఇంకో చేత్తో పీట జరిపాను. రెండూ జారి గచ్చు మీద పడ్డాయి. కొత్తది పడి ఊరుకుంది. హారతి ఇంకా వెలుగుతానే ఉంది, ఎదురుగా వాడు లేడు.

ఎన్నిసార్లు కడిగినా నా చేతులకి ఆ నూనె పోవట్లేదు.

నీ తప్పేం లేదు. ఈ ఉత్తరం అందగానే అన్నం తిను నాన్నా, పెరుగు కూడా వేసుకో.

మీ అత్తయ్య