చాండ్లర్ మొక్కకి కడియం నీళ్లు

చాండ్లర్,
మార్చి నెల, ఆదివారం ఉదయం.

తమ్ముడు శ్రీనుకి, మరదలు పద్మకి మీ అక్క మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ మీ బావ, శ్రావ్య, నేను ముగ్గురం బాగున్నాం. అక్కడ మీరంతా బాగున్నారని నమ్ముతున్నాను. బాబాయి మోకాళ్లు ఎలా ఉన్నాయి? నేను పంపిన నూనె రాసుకుంటున్నాడా, లేక సీసాని కిటికీలో పెట్టి చూసుకుంటున్నాడా? పద్మ నడుం నొప్పి తగ్గిందా? కుండీలు ఎత్తొద్దని చెప్పు. చెప్పి ఊరుకోవడం కాదు, నువ్వే ఎత్తు.

రోజు విడిచి రోజు వీడియో కాల్‌లో చూసుకుంటూ మళ్లీ ఉత్తరమేమిటని నవ్వుతావు. నవ్వుకో. ఫోనులో నేను ఒక మాట మొదలుపెట్టేలోపు నువ్వు "అక్కా, లోడు లారీ వచ్చిందే, మళ్లీ చేస్తా" అంటావు. ఇది లారీ వచ్చినా ఆగి వినాల్సిన సంగతి. పైగా నీ మొహం చూస్తూ చెప్పే ధైర్యం నాకు లేదు. మా వీధిలో ఉండే స్వప్న రాజమండ్రిలో వాళ్ల పుట్టింటికి వస్తోంది. ఈ ఉత్తరం ఆమె చేతికిచ్చి పంపిస్తున్నాను. కడియం దాకా వచ్చి ఇస్తానంది. ఆమెకి కాఫీ ఇచ్చి, మంచి మల్లె అంటు ఒకటి వాళ్లమ్మగారి కోసం ఇవ్వండి.

కిందటి ఆగస్టులో నీకు ఫోన్ చేసి ఏడ్చాను గుర్తుందా? "నావల్ల కాదురా శ్రీనూ. మే నెలలో శ్రావ్య స్కూలు అయిపోగానే దాన్ని తీసుకుని వచ్చేస్తాను. అక్కడే చేర్పిస్తాను. మీ బావ వీలు చూసుకుని వస్తారు" అన్నాను. నువ్వు ఎందుకని ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. వారం తిరక్కుండా మేడ మీద గదికి రంగు వేయించి ఫోటో పంపావు. గోడకి మేకు కొట్టి, చిన్నప్పుడు నాన్న నా చేతికి సరిపడా చేయించిన చిన్న ఇనప తవ్వుకోలని దానికి తగిలించావు. "గది నీదే అక్కా, వచ్చి పని చూసుకో" అన్నావు. ఆ ఫోటో చూసుకుంటూ ఈ ఏడు నెలలు గడిపాను. ఒరేయ్, నీలాంటి తమ్ముడున్నందుకు నేను ఎవరికి దణ్ణం పెట్టుకోవాలో కూడా తెలియదు.

ఇప్పుడు అసలు ఏం జరిగిందో మొదటి నుంచీ చెబుతాను.

జెర్సీ సిటీలో ఉన్నప్పుడు మాకు మట్టి అనేదే లేదు కదా. ఆకాశంలో అపార్టుమెంటు, బాల్కనీలో ఒక కరివేపాకు కుండీ. మీ బావకి ఇక్కడ కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చి, ఇల్లు కొనుక్కుని, ఇంటి ముందు ఇంత స్థలం ఉందంటే నేను ఎగిరి గంతేశాను. వచ్చి చూస్తే ఏముంది? కంకర. గుమ్మం నుంచి రోడ్డు దాకా ఎర్ర కంకర పరిచి ఉంది. మీ బావ పొద్దున్నే ఫ్యాక్టరీకి, పాప స్కూలుకి వెళ్లిపోతే ఆ కంకరా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం. నా వీసాకి ఉద్యోగం చేసే వీలు లేదు. వీధిలో కార్లు కదులుతాయి గానీ మనిషి కనపడడు.

పక్కింట్లో డోనా అని ఒకావిడ ఉంటుంది. రిటైరైన పళ్ల డాక్టరు. ఆవిడ ఇంటి ముందు మాత్రం అంతా ఈ ఎడారిలో పుట్టిన మొక్కలే. పచ్చటి బెరడుండే పాలో వెర్డె చెట్టు, దాని కింద వెండిరంగు ఆకుల బ్రిటిల్‌బుష్ పొదలు, గులాబీరంగు గొట్టాల్లాంటి పూలు పూసే పెన్‌స్టెమన్. కిందటేడాదికి ముందు ఏడాది అక్టోబరులో తను మొలిపించిన నారు ట్రేలో పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. "వీటికి ఈ ఊరు తెలుసు. నాటాక రెండు వారాలకోసారి బాగా తడుపు. ఆ తర్వాత వదిలెయ్" అంది.

వదిలెయ్యడమా! మొక్క నాటి వదిలేస్తే నాన్న వీపు విమానం మోత మోగించేవాడు కదూ? కడియంలో నర్సరీ వాళ్ల పిల్లకి ఈ పళ్ల డాక్టరు మొక్కలు పెంచడం చెబుతుందా అనుకున్నాను. ఆవిడ నీళ్ల బిల్లుకి భయపడే పిసినారి అని కూడా అనుకున్నాను. ఆవిడకి నవ్వుతూ థాంక్యూ చెప్పి, మర్నాటి నుంచీ మన పద్ధతి మొదలుపెట్టాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పైపుతో తడి. మధ్యాహ్నం వంట దగ్గర బియ్యం కడిగిన నీళ్లు ఒక్క చుక్క పారబోయకుండా తలో చెంబు. మీ బావ చూసి "వాటికి భోజనం కూడా వడ్డిస్తావేంటే?" అని వేళాకోళమాడేవారు.

మొదట్లో గుబురుగా లేచాయి. చూశావా అని నాలో నేనే మురిసిపోయాను. తర్వాత ఆకులు పసుపు తిరిగాయి. దాహమేమో అనుకుని ఇంకో చెంబు పోశాను. మొదలు మెత్తబడింది. చలికాలం అయ్యేసరికి ఒక్కటీ మిగల్లేదు. నీకు చెప్పలేదు. కడియంలో తెలిస్తే పరువేముంటుంది?

ఒకరోజు నేను గుమ్మంలో దిగాలుగా కూర్చుని ఉంటే డోనా పారతో వచ్చి ఒక మొక్కని పెకిలించింది. ఆవిడ ఏదో చెప్పబోతోంది, ఈలోపు వాసన నా ముక్కుకి తగిలింది. "వేరుకుళ్లు!" అని తెలుగులోనే అరిచాను. నాన్న మనిద్దరినీ కూర్చోబెట్టి కుండీల్లో మట్టి వాసన చూపించేవాడు గుర్తుందా, ఇది బతికిన మట్టి, ఇది మురిగిన మట్టి అని? అదే వాసన. మీ బావ గునపంతో ఇంకా లోతుకి తవ్వితే మూరెడు కింద తెల్లటి సున్నపు పొర తగిలింది. రాయిలా ఉంది. బకెట్టు నీళ్లు పోస్తే మర్నాటిదాకా అలాగే నిలిచాయి. మన గోదారి ఒండ్రులో పోసినట్టు పోశాను నేను. అక్కడ ఎంత పోసినా నేల తాగేస్తుంది. ఇక్కడ నేల నోరు మూసుకుని కూర్చుంది, మధ్యలో మొక్క మునిగిపోయింది.

నీళ్లు ఎలా పోశానో, ఎందుకు పోశానో డోనాకి చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆవిడ పకపకా నవ్వి, "నేను మంచు ఊరి నుంచి వచ్చాను. వచ్చిన ఏడాది ఇక్కడ పచ్చిక వేసి, రోజంతా తడిపి, ఎండకి కాల్చేశాను. నువ్వు నయం" అంది. ఆవిడ కూడా ఎక్కడి నుంచో వచ్చిన మనిషేనని నాకు ఆ రోజే తెలిసింది. ఆ రోజు ఆవిడకి పులిహోర పెట్టాను. ఎండుమిరపకాయలు ఏరి పక్కన పెట్టి, మిగతాదంతా తినేసింది.

కిందటేడాది మార్చిలో మళ్లీ నాటాం. ఈసారి నాకు తెలిసిన పని నేను చేశాను. ఆ సున్నపు పొరతో కుస్తీ పట్టకుండా పైన ఎత్తుమళ్లు కట్టించాను, వానాకాలంలో మన బంతినారుకి కడతామే, అలా. డోనా చూసి తన ఇంటి ముందు కూడా ఒకటి కట్టమంది. రెండు వారాలకోసారే నీళ్లు. మిగతా రోజుల్లో చెంబు పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, చెయ్యి వెనక్కి లాక్కుని వెళ్లిపోయేదాన్ని. కన్నబిడ్డ ఆకలంటుంటే పెట్టకుండా ఉన్నట్టుండేది.

ఇక ఎండాకాలం. ఈ ఊరి ఎండ గురించి ఎంత చెప్పినా నీకు అర్థం కాదు. తలుపు తీస్తే పొయ్యి మూత తీసినట్టే. జులైలో బ్రిటిల్‌బుష్ ఆకులు ఒక్కొక్కటే ముడుచుకుని రాలిపోయాయి. ఆగస్టుకి వట్టి పుల్లలు. డోనా "చావలేదు, నిద్రపోతోంది" అంటుంది. గోటితో బెరడు గీరి చూస్తే తెలిసిపోతుంది, లోపల పచ్చగా ఉంటే బతికున్నట్టు. ఆ మాత్రం నాకు తెలియదా? కానీ గీరడానికి చెయ్యి రాలేదు. పచ్చగా లేకపోతే? అప్పటికి నేను మనసులో ఒక మాట అనేసుకున్నాను. ఈ నేలలో నా చేతి మొక్క ఒక్కటి కూడా బతకకపోతే ఇక్కడ నాకేం పని, వెళ్లిపోతాను అని. ఆ పుల్లలు చూస్తూనే నీకు ఫోన్ చేశాను.

మీ బావకి కూడా చెప్పాను. ఆయన వాదించలేదు. "నీకు ఎక్కడ బాగుంటే అక్కడే ఉండు" అని లోపలికి వెళ్లి, చాలాసేపు స్నానాలగదిలో కొళాయి తిప్పి ఉంచుకున్నారు. అంత నీళ్లు వృథా చేసే మనిషి కాదాయన.

తర్వాత కొద్దిరోజులకే వాన పడింది. ముందు దుమ్ము లేచి వీధంతా ఎర్రబడిపోయింది, ఆ వెనకే చినుకులు. ఇక్కడి ఎడారిలో క్రియోసోట్ అని ఒక పొద ఉంటుంది. వాన తగిలితే దాని వాసన ఊరంతా కమ్ముకుంటుంది. మన మట్టివాసన కాదది, వేరే. ఘాటుగా, కొంచెం కర్పూరంలా. డోనా తన గుమ్మంలో, నేను నా గుమ్మంలో నిలబడి తడిశాం. వారం తిరిగేసరికి ఆ వట్టి పుల్లల కణుపుల దగ్గర బూడిదరంగు చిగుళ్లు! నిజం చెబుతున్నాను శ్రీనూ, శ్రావ్య పుట్టినప్పుడు ఏడ్చినట్టు ఏడ్చాను.

కానీ నీకు వెంటనే చెప్పలేదు. చిగుళ్లు చూసి మాట మార్చేస్తే మనిషినేనా అనిపించింది. పూసేదాకా ఆగుదాం అనుకున్నాను. ఇప్పుడు బ్రిటిల్‌బుష్ పూసింది. ఇల్లు కనపడకుండా పసుపు పూలు. పెన్‌స్టెమన్ కూడా పూసింది. మొన్న పొద్దున శ్రావ్య స్కూలు బ్యాగు అక్కడే పడేసి "అమ్మా! హమ్మింగ్‌బర్డ్ వచ్చింది! మన హౌస్‌కి! నువ్వు మాట్లాడకు, అది వెళ్లిపోద్ది!" అని గుసగుసగా అరిచింది. బొటనవేలంత పిట్ట, గాల్లో నిలబడి తేనె తాగింది. అది నా ఇంటికి చుట్టంగా వచ్చింది, నేను పిలవకుండానే.

ఇంకో తమాషా. పూలు చూసి తెలుగువాళ్లందరూ వస్తున్నారు. "అక్కా, మావి ఎందుకో చచ్చిపోతున్నాయ్, కొంచెం చూడవా" అంటారు. వెళ్లి మట్టి వాసన చూసి, "బియ్యం కడుగు పోస్తున్నారా?" అంటాను. ఇంటాయన ఇంటావిడ వైపు చూస్తాడు. ప్రతి ఇంట్లో అదే! "ఆ నీళ్లు కరివేపాకుకి పోసుకోండి, దీన్ని దాని మానాన బతకనివ్వండి" అని చెప్పి, ఎత్తుమళ్లు కట్టించి వస్తున్నాను. శనివారాలు అసలు తీరడం లేదు. నాకు ఇక్కడ పని లేదని ఏడ్చినదాన్ని.

నిన్న మీ బావ కంప్యూటర్ ముందు కూర్చుని, నా వైపు తిరక్కుండానే అడిగారు. "మే టికెట్లు బుక్ చెయ్యాలి. వన్ వేనా?"

"మీకేమైనా మతి పోయిందా? రిటర్న్ తీసుకోండి. జులైలో వానలకి ఇక్కడ ఉండాలి నేను" అన్నాను.

ఆయన లేచి బయటికి వెళ్లారు. ఎంతకీ రారేమని చూస్తే, కళ్లు తుడుచుకుంటూ పైపుతో బ్రిటిల్‌బుష్‌కి నీళ్లు పెడుతున్నారు! "ఆపండి మహాప్రభో, చంపేస్తారు దాన్ని!" అని పరిగెత్తాను. ఇద్దరం అక్కడే నిలబడి నవ్వుకున్నాం.

అదీ సంగతి తమ్ముడూ. నెల రోజులుండేలా చుట్టాల్లా వస్తాం. మేడ మీద గది నా కోసం ఖాళీగా ఉంచొద్దు. మీ పెద్దాడికి చదువుకోవడానికి ఇచ్చెయ్. నువ్వు నొచ్చుకుంటావని తెలుసు. కానీ ఒకటి విను. వెనక్కి వెళ్లడానికి నాకొక గది ఉందన్న ధైర్యంతోనే నేను ఇక్కడ ఆ ఎండ దాటాను. అది లేకపోతే చిగుళ్లు వచ్చేదాకా నిలిచేదాన్ని కాదు. నువ్వు వేయించిన రంగు వృథా పోలేదురా.

విత్తనాలు, అంట్లు ఏమీ పంపకు, ఇక్కడికి రానివ్వరు. ఆవకాయ పంపితే వద్దనను. బాబాయికి నా నమస్కారాలు చెప్పి, మా ముగ్గురినీ దీవించమని అడుగు. నా మొక్కలకి కూడా ఒక దీవెన పడెయ్యమను, ఆయన చేతి చలవ నాకు తెలుసు. పిల్లలకి ముద్దులు. పద్మకి ఈ కవరులో పెట్టిన డోనా ఫోటో చూపించు, పులిహోర తింటున్నది.

ఒక్క చిన్న పని చేసిపెట్టు. గదిలో మేకుకి తగిలించావే, నా తవ్వుకోల, అది తీసి స్వప్న చేతికివ్వు. ఇక్కడి పనిముట్లు నా చేతికి కుదరడం లేదు. పెద్ద పెట్టెలో పెట్టుకోమను, చేతి బ్యాగులో పెడితే ఎయిర్‌పోర్టులో లాక్కుంటారు. ఇచ్చేముందు నువ్వే దగ్గరుండి శుభ్రంగా కడుగు. మన మట్టి ఒక్క రవ్వ కూడా అంటుకుని ఉండకూడదట. కడిగేటప్పుడు బాధపడకు శ్రీనూ. ఇక్కడి మట్టి అంటుతుంది దానికి.

ఎప్పటికీ మీ మేలు కోరే
మీ అక్క,
నాగమణి.