హ్యాగ్లర్ ముక్క

ఫిబ్రవరి 8, 1987. ఆదివారం

అన్నయ్యని హాస్పిటల్ నుంచి ఇంటికి తీసుకొచ్చాం. స్ట్రోక్ వచ్చి నెల దాటింది. కాలు కొంచెం వచ్చింది. కుడి చెయ్యి రాలేదు. మాట అసలు రాలేదు. ఒక్క మాటే మిగిలింది: ‘అదే’. కాఫీ కావాలన్నా అదే, వద్దన్నా అదే, నన్ను చూసినా అదే. అనుకునేదంతా లోపల ఉందట, బయటికి దారి దొరకడం లేదట. డాక్టర్ చెప్పాడు.

వదిన గుమ్మంలో దిష్టి తీసింది. ఎర్రనీళ్ళు మంచు మీద పోసింది. పక్కింటి ముసలాయన కారు తుడవడం ఆపి అలాగే చూస్తూ నిలబడ్డాడు.

ఈ పిస్కాటవే ఊళ్ళో నలుగురు తెలుగువాళ్ళు చేరితే అందరి మాటలూ జగన్మోహనే మాట్లాడతాడని అన్నయ్యకి పేరు. నాకు ఏనాడూ సందు ఇవ్వలేదు. ఇప్పుడు ఎంత కావాలంటే అంత సందు. ఏం చేసుకోను.

ఫిబ్రవరి 15

స్పీచ్ థెరపిస్ట్ ఆయనకి బాగా ఇష్టమైనదేదైనా దగ్గర పెట్టమంది. వదిన దేవుడి పాటల క్యాసెట్ పెట్టింది. అన్నయ్య నిద్రపోయాడు. నేను పేకముక్కలు తీశాను.

పాత పేకలో పది ముక్కల మీద అన్నయ్య మార్కర్‌తో రాసుకున్న పేర్లు. అందరూ బాక్సింగ్‌లో మిడిల్‌వెయిట్ చాంపియన్లు. కెచెల్, గ్రెబ్, జేల్, లమోటా, ఇంకా కొందరు. శనివారం భోజనాలయ్యాక వాటిని టేబుల్ మీద వరసగా పేర్చి, ఎవడికన్నా ఎవడు గొప్ప అని కొట్టుకోవడం మాకు ఏళ్ళ తరబడి అలవాటు. ఒకటి రాబిన్సన్. అందులో పేచీ లేదు. రెండు దగ్గరే గొడవ. నాకు మొన్జోన్. అన్నయ్యకి హ్యాగ్లర్.

కానీ హ్యాగ్లర్ ముక్క వరసలో ఉండదు, పక్కన ఉప్పు డబ్బా దగ్గర ఉంటుంది. అది అన్నయ్య రూలు. ఇంకా రింగులో ఉన్నవాడికి ర్యాంక్ ఇవ్వకూడదు, ఆట అయ్యాకే లెక్క. వాడు రింగు దిగిపోయిన రోజున నీ మొన్జోన్ నెత్తిన కూర్చోబెడతాను చూస్తూ ఉండు దామూ అనేవాడు.

ఎప్పుడూ అడుగున ఉండే గ్రాజియానోని ఇవాళ కావాలనే అందరికన్నా పైన పెట్టాను. అన్నయ్య ముక్కని చూశాడు. నన్ను చూశాడు. ఎడమ చేత్తో దాన్ని చివరికి తోసి అదే, అదే, అదే అని అరిచాడు. తిట్టాడన్నమాట. బీపీ పెరుగుతుందని వదిన వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి నన్నూ తిట్టింది. ఇద్దరి తిట్లూ కడుపు నిండా తిని జెర్సీ సిటీకి డ్రైవ్ చేసుకుంటూ వచ్చాను. ఇంత సంతోషంగా ఎప్పుడున్నానో గుర్తులేదు.

మార్చి 22

జేల్ ముక్క చూపించి జే అన్నాడు. జే!

ఏప్రిల్ 5. ఆదివారం

రేపే హ్యాగ్లర్‌కీ లెనర్డ్‌కీ ఫైట్. లాస్ వేగస్‌లో. ఇక్కడ హాల్లో పెద్ద తెర మీద వేస్తారు. స్ట్రోక్‌కి ముందే రెండు టికెట్లు బుక్ చేశాం. అన్నయ్య తన టికెట్ నా చొక్కా జేబులో పెట్టి, జేబు మీద రెండుసార్లు తట్టాడు. కొట్టుకోవడానికి వెళ్తున్నది నేనే అయినట్టు.

ఏప్రిల్ 7. పొద్దున, ట్రైన్‌లో

ఓడిపోయాడు.

ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు లెనర్డ్ అన్నారు. నా లెక్కలో హ్యాగ్లరే గెలిచాడు. నా లెక్క ఎవడిక్కావాలి. అన్నయ్య సీట్లో నా కోటు పెట్టుకుని చూశాను. ఎవరో వచ్చి ఖాళీయేనా అని అడిగితే కాదన్నాను.

అదే రోజు, లంచ్ టైమ్

వదిన ఆఫీస్‌కి ఫోన్ చేసింది. రేడియోలో విందట. ఓడిన సంగతి చెప్పొద్దంది. ఇప్పుడిప్పుడే ఒక్కో అక్షరం వస్తోంది, మనసు విరిగితే మళ్ళీ మొదటికొస్తుంది, గెలిచాడనే చెప్పు అంది. ఏడుస్తోంది. సరేనన్నాను.

మా ఇంటి ఆచారమే అంత. జబ్బు మనిషికి చెడు కబురు చెప్పరు. పరీక్ష రాసేవాడికి అసలే చెప్పరు. నాన్న పోయారని ఊరి నుంచి టెలిగ్రామ్ వస్తే, నా లైసెన్స్ ఎగ్జామ్ అయ్యేదాకా అన్నయ్య దాచాడు. నాన్న బాగున్నార్రా, చదువుకో అని రోజూ ఫోన్. రెండో రోజే నాకు తెలిసిపోయింది. అంతసేపు మాట్లాడే మనిషి గబగబా పెట్టేస్తుంటే తెలియదా. తెలియనట్టే వెళ్ళి పరీక్ష రాసొచ్చాను.

ఏప్రిల్ 12

గెలిచాడన్నాను.

నాకౌట్ చేశాడా అని పిడికిలి చూపించి అడిగాడు. లేదు, పాయింట్ల మీద అన్నాను. అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు కదా, రౌండ్ల వారీగా అతికించాను. అన్నయ్య నా మొహం మీద నుంచి కళ్ళు తిప్పలేదు. అంతా విని అదే అన్నాడు. అదే అంటే ఏమిటో నాకెలా తెలుస్తుంది.

హ్యాగ్లర్ ముక్క ఉప్పు డబ్బా దగ్గరే ఉంది.

ఏప్రిల్ 26

వదిన పేపర్‌లోంచి స్పోర్ట్స్ పేజీలు తీసేసి ఇస్తోంది. అన్నయ్య మిగిలిన పేజీలు తిప్పి తిప్పి మడిచి పక్కన పెడుతున్నాడు. ఏవీ అని అడగడు.

మే 10

జే కూడా పోయింది. థెరపిస్ట్ నోరు చూడమంటే కిటికీ చూస్తున్నాడట. ప్రయత్నమే చేయడం లేదు, ఇలాగే ఉంటే సెషన్లు ఆపేస్తాం అందట. మెడ పట్టుకుని మాట్లాడించలేం కదా.

మళ్ళీ గ్రాజియానోని పైన పెట్టాను. చూశాడు. ఉండనిచ్చాడు. లమోటాని రాబిన్సన్ పైన పెట్టాను. ఉండనిచ్చాడు. అన్నయ్యా తిట్టు అన్నాను. కాస్త నవ్వాడు, ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసి నవ్వినట్టు.

మే 17

రాయకపోతే నిద్ర పట్టదు.

భోజనాలయ్యాక అన్నయ్య తనంతట తానే ముక్కలు అడిగాడు. చేత్తో పేర్చినట్టు చూపించాడు. పొంగిపోయాను. ఎడమ చేత్తో నెమ్మదిగా పేర్చాడు. రాబిన్సన్. దాని కింద మొన్జోన్. తరవాత ఉప్పు డబ్బా దగ్గరికి చెయ్యి చాచి హ్యాగ్లర్ ముక్క తీశాడు. మొన్జోన్ కింద పెట్టాడు. కింద. మూడో వాడిగా.

వాడింకా దిగలేదు అన్నయ్యా, రింగులోనే ఉన్నాడు, నీ రూలే కదా అన్నాను. ముక్క తీసి పక్కన పెట్టాను. మళ్ళీ తీసి మూడో చోట పెట్టాడు. దాని మీద అరచెయ్యి పెట్టి ఉంచాడు.

కారు దగ్గర వాళ్ళమ్మాయి రేణుని పట్టుకుని నువ్వే చెప్పావా అని గద్దించాను. పదిహేనేళ్ళ పిల్ల. నేను ఎందుకు చెప్తాను బాబాయ్, నీ ఫేస్ చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది, డాడ్‌కి ఫస్ట్ డే నుంచి తెలుసు అంది. నా అబద్ధం పాడుచేయకూడదని ఆయన ఊరుకున్నాడట. నాన్న విషయంలో నేను ఊరుకున్నట్టే.

మే 20

ఆఫీస్ నుంచి నేరుగా వెళ్ళి నిజం చెప్పాను. ఓడాడు, కానీ నా లెక్కలో గెలిచాడు, రీమ్యాచ్ అడుగుతున్నాడట, ఇంకా కొట్టుకుంటాడు, నువ్వూ థెరపీకి రా అన్నాను. కాళ్ళు పట్టుకున్నాను కూడా. నా తల నిమిరాడు. కిటికీ వైపు తిరిగాడు.

మే 24. ఆదివారం

ముక్కలు అలాగే ఉన్నాయి. వదిన టేబుల్ తుడుస్తూ వాటి చుట్టూ తుడుస్తోంది.

రెండు మొన్జోన్. మూడు హ్యాగ్లర్. ఇన్నేళ్ళకి నా మాట నెగ్గింది.

అదే అనడం కూడా మానేశాడు.