చక్రాల కింద చెక్కముక్కలు

గోదావరిఖని,
ఆదివారం.

శాలినక్కా,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి ఈ ఉత్తరం బావ చేతికిచ్చి పంపుతున్నాను. బాపుకు మతి చెడలేదు. నీమీద కోపమూ లేదు.

పక్షవాతంతో మాట పోయినప్పటి నుంచి బాపు గనిలో తను ఇరవై ఏళ్లు నడిపిన డంపర్ లారీని అట్టముక్కలతో చిన్నగా తయారుచేస్తున్నాడు కదా. పాత చెప్పులు కోసి చక్రాలు చేశాడు, తలుపు మీద తన బండి నంబరు రాశాడు. పోయిన వారం నువ్వు బల్ల తుడుస్తుంటే నీ చేయి విదిలించి దాన్ని లాక్కున్నాడే, అప్పటి నుంచి కింద పెట్టలేదు. అన్నం తింటున్నా ఒళ్లోనే, పడుకున్నా గుండెల మీదే. నాకూ భయమేసింది.

ఇవాళ బాపుతో డ్యూటీ చేసిన అంద్రెయ కాక వచ్చాడు. బండిని అటూ ఇటూ తిప్పి చూసి, "చక్రాల కింద పెట్టే చెక్కలేవి బిడ్డా?" అన్నాడు.

బల్ల తుడిచినప్పుడు చెత్తనుకుని అక్క ఊడ్చేసిందేమో అన్నాను.

"గవి లేకుంటే బండి ఉరుకదా? ఆపరేటరన్నోడు బండి ఇడిసిపెట్టి ఎట్ల దిగుతడు?" అంటూ పెన్సిలు కోసి రెండు ముక్కలు చేసిచ్చాడు.

బాపు డంపర్‌ను బల్ల మీద పెట్టి, వెనక చక్రాల కింద ఆ ముక్కలు దోపి, చేతులు దులుపుకున్నాడు. అప్పుడే షిఫ్టు దిగినవాడిలా చాయ్ కావాలని సైగ చేశాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

వచ్చే ఆదివారం తప్పకుండా రా అక్కా. నీ స్కూటీ కోసం కూడా బాపు రెండు పెద్ద చెక్కలు కోసి గుమ్మం దగ్గర పెట్టాడు.

నీ చెల్లె