గెలిచిన సాయంత్రం

స్పోర్ట్స్ హాస్టల్, చెన్నై

ప్రియమైన నాన్నకు,

ఆడపిల్లల బాక్సింగ్‌లో రాష్ట్ర బంగారు పతకం నాదే! క్యాంపులో ఫోన్లు తీసేసుకున్నారు, అందుకే ఈ ఉత్తరం. పతకం మెడలో వేసుకుని ఒక్క సాయంత్రం ఊరికే కూర్చోవాలనిపించింది. పాల్‌రాజ్ మాస్టర్ చూసి, "ఏమే, ఆడ కూసోని ఏం జేస్తా ఉండావు? నేషనల్స్ ఎవురు ఆడేది? పో, స్కిప్పింగ్ తాడు తీసుకో" అన్నారు. తీసుకున్నాను. నీకైనా సంతోషమేనా నాన్నా?

నీ నివేదిత


తూత్తుకుడి హార్బరు

బంగారు తల్లీ,

నీ ఉత్తరం చదివి క్రేన్ ఎక్కాను. పైన ఎవరూ చూడరు కదా, కాసేపు ఏడ్చాను. కానీ మాస్టర్ చెప్పిందే సరి. మన తొండియార్‌పేటలో ఒక్క పతకంతో ఆగిపోయినవాళ్లు ఎంతమంది! అమ్మ వీధంతా స్వీట్లు పంచుతానంది. వద్దన్నాను. సంబరం నేషనల్స్ తర్వాతే.

ఆశీస్సులతో, నాన్న ఆదిమూలం


తొండియార్‌పేట

నాన్నా,

ఇంటి నుంచి రాస్తున్నాను. ఫోన్‌లో నీ గొంతు వింటే చెప్పలేను. ఎడమ కంట్లో కొన్నాళ్లుగా మెరుపులు కనిపించేవి. చెబితే ఇంటికి పంపేస్తారని దాచాను. ప్రాక్టీసులో దెబ్బ తగిలాక సగం చూపు మీద నల్ల తెర దిగింది. ఆపరేషన్ అయింది. అది అయ్యేదాకా నీకు చెప్పొద్దని అమ్మను నేనే ఆపాను. ఇంకో దెబ్బ పడితే ఆ కన్ను దక్కదట. ఇక ఆడకూడదన్నారు.

నివేదిత


తూత్తుకుడి

నా తల్లీ,

అన్నం దిగడం లేదు. మాస్టర్‌తో మాట్లాడాను. "వేరే డాక్టరుండాడు అన్నా. ఆర్నెల్లు పోతే ఆడొచ్చని సర్టిఫికెట్ రాసిస్తాడు" అన్నాడు. సెలవు పెట్టి వస్తున్నాను, కలిసి వెళదాం. నువ్వింకా ఏమీ సాధించలేదు. ఇప్పుడే ఆగిపోతే ఇన్నేళ్ల కష్టం ఏమైనట్టు?

నాన్న


తొండియార్‌పేట

ప్రియమైన నాన్నకు,

ఆ డాక్టరు దగ్గరికి నేను రాను.

నిన్న సాయంత్రం అమ్మా నేనూ కాశిమేడు సముద్రం దగ్గర కూర్చున్నాం. "ఆ పొద్దు ఎట్ట గెలిచినావే?" అంది అమ్మ. ఇంతవరకూ ఎవరూ అడగని మాట. చెప్పడం మొదలుపెట్టాను. రెండో రౌండులో పడిపోవడం, చెవుల్లో హోరు, లేవకపోతే బాగుండుననిపించడం, అయినా లేచి కొట్టడం. చెబుతూంటే నాకే ఆశ్చర్యం వేసింది. ఇదంతా చేసింది నేనేనా అని.

"అంత కొట్టినావా?" అంది అమ్మ.

"కొట్టినానమ్మా. బాగా కొట్టినా."

ఆ మాట అన్నాక ఏడుపు ఆగలేదు. అమ్మ కొంగుతో నా చెంప మాత్రం తుడిచింది, కంటి కట్టు జోలికి పోకుండా.

ఇక రింగులోకి వెళ్లనని తలచుకుంటే తట్టుకోలేకపోతున్నాను. ఆ బాధ ఎప్పటికి తగ్గుతుందో తెలియదు. కానీ నేనేమీ సాధించలేదని మాత్రం ఇంకెప్పుడూ అనకు నాన్నా. నేను ఒప్పుకోను.

నువ్వు రా. సర్టిఫికెట్ కోసం కాదు. వచ్చి నా పక్కన కూర్చుని, ఎలా ఆడావు అని అడుగు. మొదటి నుంచి చెబుతాను.

నీ కూతురు,
నివేదిత