నిమ్మకొమ్మల కంచె

మిర్యాలగూడ, 1949, చైత్రం

ఈ పొలుసు పురుగు ఏ జాతిదో నాకు తెలియదు, ఏ పుస్తకంలోనూ దీని బొమ్మ లేదు. నిమ్మను తప్ప దేన్నీ పట్టదని మాత్రం గట్టిగా నమ్మాను. అందుకే పురుగు పట్టిన కొమ్మలు నరికించి, ముళ్ళున్నాయి కదా అని మామిడితోట చుట్టూ కంచెలో వేయించాను.

ఈ సాయంత్రం ఆ కంచెను ఆనుకుని ఉన్న రేగుచెట్టు చూశాను. రెమ్మల నిండా అవే తెల్లటి పొలుసులు. గోటితో గీకితే అదే ఎర్రటి రసం. ఇంకా ఏయే చెట్లను పడుతుందో!

అంతా తగలబెడదామని ఇంటికి పరుగెత్తి, కంచెకు పోగా మిగిలిన కంప ఏదని మా ఆవిడను అడిగాను.

"మీ తమ్ముడు మొన్ననే బండ్లె ఏస్కొని కోదాడ పోయిండు గద. బత్తాయితోటకు కంచె కావాల్నన్నడు, నేనే ఇచ్చిన."

వాడి తోటకు ఇదే తొలి కాపు. ఈపాటికి కంచె అల్లేసి, ఇక పశువుల భయం లేదని నిశ్చింతగా పడుకుని ఉంటాడు.