కారు ఇంజనుకు చల్లగాలి గొట్టం

నాన్నగారికి నమస్కారం. కారు విప్పి చెడగొట్టానని బావ వచ్చి చెబితే నమ్మకండి. కారూ నేనూ బాగానే ఉన్నాం.

నేను నడిపే ఈ పాత టాక్సీ పొద్దున్న కొండ దారి చక్కగా ఎక్కుతుంది. అదే బరువుతో మధ్యాహ్నం ఆయాసపడుతుంది. ఎందుకా అని బానెట్ ఎత్తి చూస్తే, ఇంజను తన వేడిగాలిని తానే పీలుస్తోంది. అందుకని నీళ్ల ప్లాస్టిక్ గొట్టం తెచ్చి, ముందున్న జాలీ నుంచి ఇంజను గాలి పీల్చే డబ్బాకు బిగించాను. నిన్న మధ్యాహ్నం ఓనరును పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాను. సగం కొండ హాయిగా ఎక్కింది. అంతలో ఆగిపోయింది. చూస్తే, వేడికి గొట్టం మెత్తబడి బోసినోటి బుగ్గలా లోపలికి పీక్కుపోయి ఉంది.

"కారుకు ముక్కు పెట్టావు సరే, జలుబు కూడా తెప్పించావేంటయ్యా!" అని ఓనరు నవ్వాడు. నవ్వుతూనే, వారంలోగా మధ్యాహ్నం కొండ ఎక్కకపోతే కారు అమ్మేస్తానన్నాడు. అమ్మితే ఇక్కడ నాకు పని లేదు.

మీరు రేకుతో ఒక వంపు గొట్టం చేసి పంపాలి. మూతి మన కొట్లో మీరు చేసే పెద్ద గరాటంత ఉంటే చాలు. ఆ వేడికి టంకం నిలుస్తుందా, మడత అతుకే మేలా? టంకం ముక్క ఊడి ఇంజనులో పడితే అంతే సంగతులు.

అమ్మకు దగ్గు తగ్గిందా? బావను అడిగానని చెప్పండి. మీ చేతులు వణుకుతున్నాయని చెల్లి రాసింది. రేకు దాని చేత కోయించండి. అతుకు మాత్రం మీరే వేయండి.

మీ పెద్దవాడు