ఆముదం తాగిన కారు

లక్సెట్టిపేట, 5 అక్టోబరు 1959

కరీంనగర్ మెకానిక్ ఫజలుద్దీన్ గారికి,

రిటైర్డు రెవెన్యూ గిర్దావరు బుచ్చిరాములు పళ్లు నూరుతూ వ్రాయునది.

బొగ్గుగని దొర తన దేశం పోతూ నాకు అమ్మిన రెండు సీట్ల పాత రేసు కారుకు, స్ప్రింగుల ఎగురుడు ఆపే బిళ్లలు అరిగాయని మీరే మార్చారు. "ఇగ నీళ్ల గిలాస పెట్టినా తొణకది, గిర్దావర్ సాబ్" అన్నారు. నిన్న మా అక్క బాలవ్వను ఎక్కించుకుని బజారు దాటానో లేదో, కారు మేకపిల్లలా ఎగిరింది. అక్క తల పైకప్పుకు కొట్టుకుంది. మా తల్లి పోయాక నన్ను సాకింది ఆమెనే. కార్తీక పున్నానికి ఈ కారులోనే చెన్నూరు గోదావరి స్నానానికి తీసుకుపోతానని మాటిచ్చాను. "నీ కారుకో దండం తమ్మీ, నేను ఎడ్లబండిల పోత" అని దిగిపోయింది. నా మాట ఏం కావాలి? కారు తెచ్చి మీ ముఖాన పడేస్తాను.

ఇట్లు, నడుము పట్టిన
బుచ్చిరాములు

తా.క.: పక్కింటి రాజయ్య తన ఎడ్లకు నా కారును చూపించి, "చూసిన్రా, మీరే నయం" అన్నాడు. నేను విన్నాను.

కరీంనగర్, 14 అక్టోబరు

గిర్దావర్ సాబ్‌కు ఫజలుద్దీన్ సలాం.

మీరు కారు వదిలి, పలకరించకుండా వెళ్లారు. విప్పి చూస్తే బిళ్లలు ఆముదంలో నానుతున్నాయి! అవి పొడిగా ఉండి ఒకదానికొకటి రాసుకుంటేనే ఎగురుడు ఆగుతుంది. కిర్రుమంటే అననివ్వండి, నూనె తగలనివ్వకండి అని చెప్పానా లేదా? తప్పు మీరు చేసి తిట్లు నాకా? కొత్తవి వేశాను. వచ్చి తీసుకుపోండి.

మీ, ఓపిక అరిగిన
ఫజలుద్దీన్

తా.క.: ఆముదం పిల్లలకు కడుపు శుభ్రం కావడానికి పోస్తారు. కారుకు ఆ ఇబ్బంది లేదు.

లక్సెట్టిపేట, 26 అక్టోబరు

ఫజలుద్దీన్ గారికి,

కారు మళ్లీ ఎగిరింది! నేను అబద్ధాలకోరునా? గోదావరి మీద ఒట్టు, నేను చుక్క నూనె పోయలేదు. కారు కొట్టంలో ఉంటుంది, తాళంచెవి అక్క కొంగున ఉంటుంది. ఇంకెవరు పోస్తారు? పోసేది మీరే, తిట్టేదీ మీరే. అక్క పున్నానికి రాజయ్యను ఎడ్లు అడిగింది. నా కడుపు మండిపోతోంది.

ఇట్లు, మీ ముఖం చూడని
బుచ్చిరాములు

తా.క.: అక్క మీ తరఫునే మాట్లాడుతోంది. "గా సాయిబును తిట్టకు. బండిని చూసుకునేటోళ్లు ఇంట్ల ఉండాలె" అన్నది. ఆమె మంచితనం చూసైనా సిగ్గుపడండి.

కరీంనగర్, 31 అక్టోబరు

గిర్దావర్ సాబ్,

నా పేరు మీద మచ్చ పెట్టారు. కారు కదిలించకండి. కొత్త బిళ్లలు పట్టుకుని గురువారం నేనే బస్సులో వస్తున్నాను. పోసే చేతిని పట్టుకుని మీకు చూపిస్తాను.

ఫజలుద్దీన్

లక్సెట్టిపేట, 3 నవంబరు

రండి! నేను పింఛను పని మీద ఆదిలాబాదులో బావమరిది లింగమూర్తి ఇంట్లో ఉంటాను. క్షమాపణ ఉత్తరం అక్కడికే రాయండి.

బుచ్చిరాములు

లక్సెట్టిపేట దవాఖానా, 9 నవంబరు

గిర్దావర్ సాబ్‌కు మంచం మీది నుంచి ఫజలుద్దీన్ సలాం. కుడిచెయ్యి కట్టులో ఉంది. నేను చెబుతుంటే కంపౌండరు హనుమండ్లు రాస్తున్నాడు.

దొంగ దొరికింది. బస్సు దిగి, అద్దె సైకిలు మీద మీ ఇంటికి వెళ్లాను. బాలవ్వ గారు చాయ్ ఇచ్చి కొట్టం తీశారు. బిళ్లలు బిగించి తలెత్తేసరికి ఆమె చేతిలో ఆముదం బుడ్డి! "మా తమ్మునికి సోయి లేదు బిడ్డా. బండికి కందెన పెట్టకుంటే ఇరుసు ఆగుతదా? గందుకే కిర్రుమన్నప్పుడల్లా నేనే పోస్తున్న. నడిపేది నా తమ్ముడాయె, నడితొవ్వల ఇరుసు ఇరిగితే ఎట్ల?" అన్నారు.

నా కోపం ఎటు పోయిందో తెలియలేదు. అరగంట నచ్చజెప్పాను. "తమ్ముని మీద ఒట్టు, కారుకు ఇగ పొయ్య" అన్నారు. మాట తప్పలేదు కూడా. నేను చేతులు కడుక్కునేలోపు, వచ్చేటప్పుడు కిర్రుమన్నాయని నా సైకిలు బ్రేకులకు పోశారు. మీ వీధి దిగువన నన్ను పశువుల దవాఖానా గోడ ఆపింది.

పున్నానికి ఇంకా ఆరు రోజులుంది. వచ్చి అక్కను కారులో తీసుకుపోండి, ఈసారి తొణకదు. తిట్లు మాత్రం ఇక్కడికొచ్చి, నా ముందే వాపసు తీసుకోవాలి.

ఇట్లు, ఒంటిచేతి
ఫజలుద్దీన్

తా.క.: బాలవ్వ గారు రెండు పూటలా అన్నం తెస్తున్నారు. ఇందాక నేను పక్కకు ఒత్తిగిలితే మంచం కిర్రుమంది. ఆమె చటుక్కున లేచి ఇంటికి వెళ్లారు. జర జల్దీ రండి.